స్వీడన్ స్లీజ్ రాక్: నాలుగు బ్యాండ్లలో ముందు ఏది, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

2022లో వచ్చిన పీస్‌మేకర్ సిరీస్ టైటిల్స్‌లో నటులంతా బిగుసుకుపోయిన ముఖాలతో డాన్సు చేస్తుంటే వెనక ఒక పాట మోగుతుంది. అది నార్వే బ్యాండ్ విగ్ వామ్‌ది. అదే సిరీస్‌లో ఫిన్లండ్ బ్యాండ్ హనోయ్ రాక్స్ పాట కూడా ఉంది. అవి నచ్చి ఇలాంటివి ఇంకేమున్నాయని వెతికితే ఎదురయ్యే పేర్లలో చాలావరకు స్వీడన్‌వే: హార్డ్‌కోర్ సూపర్‌స్టార్, క్రేజీ లిక్స్, క్రాష్‌డయట్, బ్యాక్‌యార్డ్ బేబీస్. ఫొటోల్లో అందరూ ఒకేలా ఉంటారు. తోలు జాకెట్లు, కళ్లకు కాటుక, చెదిరిన పొడుగు జుట్టు. ఆ ఫొటోలు చూసి ఎంచుకుంటే మాత్రం మెటల్ ఇష్టపడేవారికి పాకం కారే పల్లవులు, పల్లవుల కోసం వచ్చినవారికి గరుకు పంక్ తగులుతాయి. రెండు పాటలు విని "మనకు పడదులే" అని మానేస్తారు. వేషం ఒకటే అయినా ఈ నాలుగు బ్యాండ్ల శబ్దాలు వేరు. పైగా ఒక్కో బ్యాండ్‌లోకి ఒక్కో ద్వారం ఉంది. కొందరికి కొత్త ఆల్బమ్, కొందరికి ఇరవై ఏళ్ల కిందటిది.

ముందు మాటల సంగతి

ఇంగ్లిష్ పాటల్లో కోరస్ అనేదాన్ని ఇక్కడ పల్లవి అనే అంటాను. మన సినిమా పాటల్లో కోరస్ అంటే వెనక గుంపుగా పాడేవాళ్లు కదా. స్లీజ్ రాక్‌లో ఆ గుంపు పాటకు చాలా పని ఉంది. కాబట్టి పల్లవి పల్లవే, కోరస్ గుంపు గొంతులే. లేకపోతే రెండూ కలిసిపోయి గందరగోళం అవుతుంది.

స్లీజ్ రాక్ 1980ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ క్లబ్బుల్లో ఒక రూపానికి వచ్చింది. దానికి ముందు అక్కడ నడిచిన గ్లామ్ మెటల్‌లో మెరుపు ఎక్కువ. స్లీజ్ ఆ మెరుపును తగ్గించి మట్టి చల్లింది. కీబోర్డు వెనక్కి పోయింది, గిటార్ గరుకెక్కింది, గొంతులో జీర చేరింది, డ్రమ్స్‌లో పంక్ దూకుడు వచ్చింది. 1987లో వచ్చిన గన్స్ ఎన్ రోజెస్ మొదటి ఆల్బమ్ అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్ దీనికి పెద్ద కొండగుర్తు. ఎల్.ఎ. గన్స్, ఫాస్టర్ పుస్సీక్యాట్ ఆ తోవవే. వేర్లు ఇంకా వెనక ఉన్నాయి: న్యూయార్క్ డాల్స్, మాట్లీ క్రూ తొలి రెండు ఆల్బమ్‌లు, 1979లో హెల్సింకీలో పుట్టిన హనోయ్ రాక్స్. ఈ చివరి పేరును గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. లాస్ ఏంజెలెస్ వాళ్లకంటే ముందే ఉత్తర యూరప్ వాళ్లు ఈ సంగీతం వాయించారు. అందుకే స్వీడన్ బ్యాండ్లను అమెరికా నకళ్లని కొట్టిపారేయడం అన్యాయం.

1990ల మొదట్లో గ్రంజ్ అనే కొత్త రాక్ ఫ్యాషన్ రాగానే అమెరికాలో ఈ సంగీతానికి కాంట్రాక్టులు ఆగిపోయాయి. స్వీడన్‌లో మాత్రం దీపం ఆరలేదు. అక్కడ ఊరూరా మునిసిపాలిటీ నడిపే సంగీత పాఠశాలలు ఉన్నాయి. వయోజన విద్యా సంఘాలు కుర్ర బ్యాండ్లకు రిహార్సల్ గదులు, పరికరాలు దొరికేలా చేస్తాయి. ఫ్యాషన్ పోయిన సంగీతం వాయించుకోవడానికి కూడా అక్కడ ఒక గది, ఒక డ్రమ్ సెట్ దొరుకుతాయి. 2000 తర్వాత ఈ శబ్దం అక్కడే తిరిగి లేచిందంటే నేను మొదట చూపించే కారణం అదే.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది గొంతు. స్లీజ్ గాయకుడు తారస్థాయిలో జీరతో పాడతాడు. ఆ జీర మీకు హాయిగా ఉందా, చెవిలో గీరినట్టుందా అన్నది మొదటి పాటలోనే తేలిపోతుంది. గొంతు పడకపోతే మిగతావన్నీ బాగున్నా ఆ బ్యాండ్ మీకు నిలవదు.

రెండోది, పాట బరువు పల్లవి మీదుందా, రిఫ్ మీదుందా. రిఫ్ అంటే గిటార్ తిప్పి తిప్పి వాయించే చిన్న ముక్క. పల్లవి మీద నడిచే పాట ఒక్కసారి వింటే నోట్లో ఆడుతుంది. రిఫ్ మీద నడిచేది మూడోసారికి పట్టుకుంటుంది, ఆ తర్వాత వదలదు.

మూడోది పాళ్లు. పంక్ (వేగం, గరుకు), మెటల్ (బరువైన రిఫ్‌లు), మెలోడిక్ రాక్ (తీయని పల్లవులు) అనే మూడు దినుసులు నాలుగు బ్యాండ్లలోనూ ఉన్నాయి. తేడా అంతా కొలతలోనే.

నాలుగోది ఆల్బమ్‌ల మధ్య నిలకడ. గాయకుడు మారాడా? మారితే ఎన్నిసార్లు? ఒక ఆల్బమ్ నచ్చి రెండోది తీస్తే అదే గొంతు వినిపిస్తుందా? దీన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువగా నిరాశపడతారు.

| | హార్డ్‌కోర్ సూపర్‌స్టార్ | క్రేజీ లిక్స్ | క్రాష్‌డయట్ | బ్యాక్‌యార్డ్ బేబీస్ |
|---|---|---|---|---|
| ఊరు, మొదలైన సంవత్సరం | గోథెన్‌బర్గ్, 1997 | మాల్మో, 2002 | స్టాక్‌హోం, 2000 | నెహ్‌షో, 1987 |
| గొంతు | పదును, అరుపుకు దగ్గర | నిండుగా, శుభ్రంగా | ఆల్బమ్‌ను బట్టి మారుతుంది | బొంగురు, మాట్లాడినట్టు |
| బరువు దేనిమీద | రిఫ్, కోరస్ | పల్లవి | రెండూ సమానంగా | వేగం, రిఫ్ |
| ఎక్కువ పాలు | మెటల్ | మెలోడిక్ రాక్ | గ్లామ్ | పంక్ |
| మొదట వినాల్సింది | హార్డ్‌కోర్ సూపర్‌స్టార్, 2005 | థ్రిల్ ఆఫ్ ద బైట్, 2025 | రెస్ట్ ఇన్ స్లీజ్, 2005 | టోటల్ 13, 1998 |
| రెండోది | స్ప్లిట్ యువర్ లిప్, 2010 | న్యూ రెలిజియన్, 2010 | జనరేషన్ వైల్డ్, 2010 | స్టాక్‌హోం సిండ్రోమ్, 2003 |

క్రేజీ లిక్స్: కొత్త ఆల్బమ్‌తోనే మొదలుపెట్టదగ్గ బ్యాండ్

నాలుగింట్లో కొత్తవారికి అన్నిటికంటే తేలిగ్గా అందేది ఇదే. గాయకుడు డానీ రెక్సన్ మొదటినుంచీ ఉన్నాడు, పాటల రచనలో పెద్ద చెయ్యి అతనిదే. గిటారిస్టులు మారినా శబ్దం చెదరకపోవడానికి కారణం అది.

వీళ్ల పాట ఎలా కట్టి ఉంటుందో ఒకసారి గమనిస్తే అన్ని ఆల్బమ్‌లూ అర్థమవుతాయి. చరణంలో గిటార్ తీగలను అరచేతి అంచుతో నొక్కిపట్టి వాయిస్తారు, శబ్దం ముద్దగా, అణిగి ఉంటుంది. పల్లవికి ముందు నాలుగు లేదా ఎనిమిది ఆవర్తాల మెట్టు ఒకటి వస్తుంది, అక్కడ స్వరాలు పైకి ఎక్కుతాయి. పల్లవి తెరుచుకోగానే ఒకే వాక్యాన్ని పలు గొంతులు పొరలు పొరలుగా పాడతాయి. బ్రిటిష్ బ్యాండ్ డెఫ్ లెపర్డ్ 1987లో హిస్టీరియా ఆల్బమ్‌లో చూపించిన పద్ధతి అది. ఒక్కో గొంతునూ విడిగా రికార్డు చేసి, కుడి ఎడమలకు పరిచి, గోడలా నిలబెడతారు. హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు పల్లవి రాగానే పాట వెడల్పు పెరిగినట్టు అనిపించేది అందుకే.

2007లో వచ్చిన మొదటి ఆల్బమ్ లౌడ్ మైనారిటీ నాలుగు బ్యాండ్ల లెక్కలో అచ్చమైన స్లీజ్. ఆ తర్వాత గిటారిస్ట్ విక్ జీనో 2008లో హార్డ్‌కోర్ సూపర్‌స్టార్‌కు వెళ్లిపోయాడు. ఇటలీలోని నేపుల్స్ కంపెనీ ఫ్రాంటియర్స్ ద్వారా 2010లో న్యూ రెలిజియన్ వచ్చింది. అక్కడినుంచి ముక్కు మెలోడిక్ రాక్ వైపు తిరిగింది. పాత అభిమానుల్లో కొందరికి ఈ తిరుగుడు నచ్చదు. నా లెక్కలో వాళ్ల అసలు బలం బయటపడింది అప్పుడే. రెక్సన్ గొంతులో రోడ్డు పక్క గరుకుతనం తక్కువ, స్టేడియం చివరి వరస దాకా వెళ్లే నిండుదనం ఎక్కువ. ఆ గొంతుకు తగ్గ పాటలు కట్టుకోవడం తెలివైన పనే.

2025 ఫిబ్రవరి 14న విడుదలైన థ్రిల్ ఆఫ్ ద బైట్ ఆ దారిలోదే. కొత్త ఆల్బమ్ అనగానే ఉండే భయం ఒకటుంది: బ్యాండ్ తన్ను తానే అనుకరించుకుంటుందేమోనని. ఇక్కడ అనుకరణ ఉన్నమాట నిజమే. 1980ల హార్డ్ రాక్‌ను ఆనాటి కొలతలతోనే మళ్లీ కట్టడం వీళ్ల వృత్తి, దాన్ని దాచుకోరు కూడా. అయితే పనితనం దిట్టం. మొదటి పాట హైవే హరికేన్ వేగంగా తలుపు తెరుస్తుంది. హూ సెడ్ రాక్ అండ్ రోల్ ఈజ్ డెడ్ పేరుకు తగ్గట్టే గుంపు గొంతులతో పాడుకునేది. వీటిలో ఒక్క పల్లవైనా మీ నోట మిగిలితే ఈ బ్యాండ్ మీది. మిగలకపోతే పాత ఆల్బమ్‌లు తిరగేసి లాభం లేదు, హార్డ్‌కోర్ సూపర్‌స్టార్ వైపు వెళ్లండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. 2024 నాటి టూ షాట్స్ ఎట్ గ్లోరీ చాలావరకు పాత పాటలకు కొత్త రికార్డింగ్. యాప్‌లో వెతికితే ఒకే పాట రెండు రూపాల్లో కనబడుతుంది. పాత రికార్డింగ్ కావాలంటే ఆల్బమ్ వచ్చిన సంవత్సరం చూసి నొక్కాలి. 2014 ఆల్బమ్ పేరు కూడా క్రేజీ లిక్సే కాబట్టి బ్యాండ్ పేరు కొడితే మొదట అదే తగలవచ్చు.

రెక్సన్ పాటలు నచ్చి, ఆడగొంతులో వినాలనుకుంటే ఒక దారి ఉంది. వేల్స్ గాయని చెజ్ కేన్ 2021లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌కు పాటలు రాసి నిర్మించింది ఇతనే. అదే పల్లవుల గోడ, దాని మీద మరింత మెరుపు.

హార్డ్‌కోర్ సూపర్‌స్టార్: ఇక్కడ 2005కే వెళ్లాలి

ఈ బ్యాండ్ పేరు పెట్టి కొత్త ఆల్బమ్ నుంచి మొదలుపెట్టమని నేనెవరికీ చెప్పను. 2022లో వచ్చిన ఆబ్రకడాబ్రా బాగానే ఉంటుంది, కానీ వీళ్లు ఎందుకు ముఖ్యమో అది ఒక్కటే చెప్పలేదు. చెప్పేది బ్యాండ్ పేరే పెట్టుకున్న 2005 ఆల్బమ్.

అంతకుముందు వీళ్ల దారి వేరు. 2000లో వచ్చిన బ్యాడ్ స్నీకర్స్ అండ్ ఎ పీన్యా కొలాడా ఉల్లాసంగా పరిగెత్తే రాక్ అండ్ రోల్. 2001, 2003 ఆల్బమ్‌లు పాప్ వైపు మెత్తబడ్డాయి. 2005లో ఒక్కసారిగా పిడికిలి బిగించారు. రిఫ్‌లలో త్రాష్ మెటల్ (మెటల్‌లో వేగమైన రకం) పదును వచ్చింది. గిటార్ గీత చిన్నది, వేగమైనది, మధ్యలో ఖాళీలు వదులుతుంది. ఆ ఖాళీల్లో డ్రమ్మర్ ఆడె కొట్టే దెబ్బ ఛాతీకి తగులుతుంది. దాని మీద యోకె బెరి గొంతు: ఎత్తులో ఉంటుంది, ముక్కుతో కొంచెం, అరుపుకు ఒక అడుగు ఇవతల. ఈ కలయికకు వాళ్లే స్ట్రీట్ మెటల్ అని పేరు పెట్టుకున్నారు. వి డోంట్ సెలబ్రేట్ సండేస్ అనే పాట వినండి. చరణమంతా రిఫ్ నడిపిస్తుంది, పల్లవి వచ్చేసరికి గాయకుడు ఒంటరిగా ఉండడు, గుంపు గుంపంతా పాడుతుంది. క్రేజీ లిక్స్ కోరస్‌తో పోల్చి చూడండి. అక్కడ గొంతులు శ్రుతిలో పొరలుగా పేర్చినవి. ఇక్కడ నలుగురు స్నేహితులు ఒక మైకు చుట్టూ మూగి కేక పెట్టినట్టుంటుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. గది చెమట అందులో వినిపిస్తుంది.

ఆ తర్వాత డ్రీమిన్ ఇన్ ఎ కాస్కెట్ 2007లో ఇంకా చీకటిగా, బరువుగా వచ్చింది. మెటల్ వినే అలవాటున్నవారు రెండోదిగా దీన్నే తీసుకోవచ్చు. పల్లవులు కావాలనేవారికి స్ప్లిట్ యువర్ లిప్ మేలు, విక్ జీనో గిటార్‌లోని రాగ గుణం అక్కడ బాగా పనిచేసింది. 2005 ఆల్బమ్ నచ్చి వెంటనే 2003 నాటి నో రిగ్రెట్స్ తీయకండి. రెండేళ్ల తేడాలో ఇది వేరే బ్యాండా అనిపిస్తుంది.

ఆబ్రకడాబ్రాను నాలుగోదిగా వినండి. 2005 నాటి పదును మళ్లీ పట్టుకోవాలనే ప్రయత్నం అందులో స్పష్టంగా ఉంది. క్యాచ్ మీ ఇఫ్ యు కెన్ లాంటివి వింటే ఆ పాత పిడికిలి గుర్తొస్తుంది. అయితే గుర్తు రావాలంటే ముందు అది తెలిసుండాలి కదా, క్రమం ముఖ్యమని చెప్పేది అందుకే.

క్రాష్‌డయట్: ఏ గాయకుడి కాలం అన్నదే ప్రశ్న

ఒక బ్యాండ్ అనుకుని వస్తే నాలుగు బ్యాండ్లు తగులుతాయి. 2005లో రెస్ట్ ఇన్ స్లీజ్ వచ్చినప్పుడు పాడింది డేవ్ లెపర్డ్. 2006 జనవరిలో, 25 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. బ్యాండ్ ఆగిపోయి, మళ్లీ లేచింది. 2007లో ది అనట్రాక్టివ్ రెవల్యూషన్‌కు ఫిన్లండ్ గాయకుడు ఒల్లీ హెర్మన్ వేరే పేరుతో పాడాడు, తర్వాత తన సొంత బ్యాండ్ రెక్‌లెస్ లవ్‌తో పేరు తెచ్చుకున్నాడు. 2010లో జనరేషన్ వైల్డ్, 2013లో ది సావేజ్ ప్లేగ్రౌండ్‌లకు సైమన్ క్రూజ్. 2019లో రస్ట్, 2022లో ఆటోమటాన్‌లకు గాబ్రియెల్ కీస్. గిటారిస్ట్ మార్టిన్ స్వీట్, బాస్ పీటర్ లండన్ ఈ ఆల్బమ్‌లన్నిటినీ కలిపి కుట్టిన దారాలు.

రెస్ట్ ఇన్ స్లీజ్ ఈ రకం సంగీతానికి 2000ల తర్వాత వచ్చిన గట్టి పత్రం. డేవ్ లెపర్డ్ గొంతు పాఠ్యపుస్తకం ప్రకారం గొప్పది కాదు. అంచుల్లో చిరుగుతుంది, ఎత్తులో వణుకుతుంది. కానీ ఆ చిరుగులోనే నమ్మకం ఉంది. మాట్లీ క్రూ ప్రభావం రిఫ్‌ల నడకలో, కిస్ ప్రభావం చేతులెత్తి పాడించే పల్లవుల్లో తేలిగ్గా దొరుకుతుంది. రయట్ ఇన్ ఎవ్రీవన్ ఒక్కటి వింటే విషయం తెలుస్తుంది. గాయకుడి చావు తెలిసి వింటే ఆల్బమ్ పేరు వేరేలా మోగుతుంది. ఆ పేరు అంతకు ముందే పెట్టినదని గుర్తుంచుకుని వినడం ఆయనకు న్యాయం.

జనరేషన్ వైల్డ్‌లో క్రూజ్ గొంతు బలమైనది, రికార్డింగ్ ఇంకా నిండైనది. కొత్తవారికి ఇదే మొదట పెట్టాలని వాదించేవాళ్లున్నారు. శుభ్రమైన శబ్దం మాత్రమే భరించగలిగే చెవులకైతే వాళ్ల మాటే సరి. ఆటోమటాన్ ఆధునిక హార్డ్ రాక్ శబ్దానికి దగ్గర. మునుపటి కాలాలేవీ వినకుండా దాన్నొక్కదాన్నే తీసుకుంటే నష్టం లేదు గాని, దాన్ని విని క్రాష్‌డయట్ అంటే ఇదేనని తేల్చేయకూడదు.

పేరులో అలంకారపు చుక్కల తంటా ఉంది, ఐ మీద రెండు చుక్కలు. వెతికేటప్పుడు చుక్కలు లేకుండా కొట్టినా దొరుకుతుంది.

బ్యాక్‌యార్డ్ బేబీస్

వీళ్లను స్లీజ్ అనాలా, పంక్ అనాలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. 1987లో నెహ్‌షో అనే చిన్న ఊళ్లో మొదలై, 1998 నాటి టోటల్ 13తో పైకొచ్చారు. గిటారిస్ట్ డ్రెగెన్ అప్పటిదాకా ది హెలాకాప్టర్స్‌లోనూ వాయించాడు, ఆ గ్యారేజ్ రాక్ దుమ్ము ఇక్కడా ఉంది. పాటలు పొట్టివి, గిటార్ సోలోలు తక్కువ, నికె బోరి పాడడం కంటే చెబుతున్నట్టుంటాడు. హనోయ్ రాక్స్, రామోన్స్ ఇష్టమున్నవారు మిగతా మూడూ వదిలేసి నేరుగా ఇక్కడికి రావచ్చు. స్టాక్‌హోం సిండ్రోమ్‌లోని మైనస్ సెల్సియస్ గిటార్ హీరో 3 ఆటలో ఉండేది, ఆ ఆట ఆడినవారికి చేతివేళ్లకే గుర్తుండవచ్చు. 2019 నాటి స్లివర్ అండ్ గోల్డ్‌లో వేగం తగ్గింది, టోటల్ 13కు ముందు అది వినకండి.

ఎవరికి ఏది

ఇప్పటివరకు సినిమా పాటలు, పాప్ మాత్రమే విన్నవారు క్రేజీ లిక్స్‌తో మొదలుపెట్టాలి. పల్లవి ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది, గొంతు అదరగొట్టదు. ఇందులో పోగొట్టుకునేది ఒకటుంది: ప్రమాదం. అంతా పద్ధతిగా, మెరుగు పెట్టినట్టుంటుంది. నెల రోజుల తర్వాత ఆ మెరుగు విసుగనిపిస్తే అప్పుడు హార్డ్‌కోర్ సూపర్‌స్టార్ 2005 తీయండి, దాని గరుకు అప్పుడు రుచిస్తుంది.

మెటాలికా, ఐరన్ మెయిడెన్ వంటివి వినేవారు క్రేజీ లిక్స్‌ను మొదట ముట్టుకోవద్దు. పొరల గొంతులు వినగానే పాప్ అని పక్కన పెట్టేస్తారు. హార్డ్‌కోర్ సూపర్‌స్టార్ 2005, ఆపై డ్రీమిన్ ఇన్ ఎ కాస్కెట్ వారికి సరైన మెట్లు.

గన్స్ ఎన్ రోజెస్ నచ్చి వచ్చినవారి సంగతి కొంచెం చిక్కు. వాళ్లకు నచ్చింది ఏమిటో ముందు తేల్చుకోవాలి. స్లాష్ సోలోలే నచ్చితే న్యూ రెలిజియన్, ఎందుకంటే అక్కడ గిటార్‌కు జాగా ఇస్తారు. ఆక్సిల్ రోజ్ గొంతులోని కోపం నచ్చితే హార్డ్‌కోర్ సూపర్‌స్టార్. అపెటైట్‌లోని వీధి వాసన నచ్చితే రెస్ట్ ఇన్ స్లీజ్. ఆ వాసనను ఈ నలుగురిలో దగ్గరగా పట్టుకున్నది అదొక్కటే.

నాలుగూ విన్నాక ఇంకా కావాలంటే ఫాల్కెన్‌బెర్గ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చిన వెయిన్స్ ఆఫ్ జెన్నా ఉంది. 2006 నాటి లిట్ అప్ లెట్ డౌన్ మురికిగా, సడలుగా, మనసు పెట్టి వాయించినట్టుంటుంది. చరిత్ర మీద ఆసక్తి ఉంటే షెవ్డె నుంచి 1980లలోనే అమెరికా వెళ్లిన షాట్‌గన్ మెసాయా. 1989, 1991 ఆల్బమ్‌లు స్లీజ్, 1993 నాటిది ఇండస్ట్రియల్ (యంత్రాల శబ్దాలు కలిసిన రాక్). మూడోదాన్ని మొదట వింటే పూర్తిగా దారి తప్పుతారు.

ఇంట్లో పిల్లల ముందు పెట్టేవారికి ఒక మాట. ఈ నాలుగు బ్యాండ్ల పాటల్లోనూ తాగుడు, రాత్రి తిరుగుళ్లు, బూతు మాటలు ఉన్నాయి. క్రేజీ లిక్స్‌లో తక్కువ, మిగతా మూడింట్లో ధారాళం.

వినేటప్పుడు తప్పేది ఎక్కడ

మొదటి ఇబ్బంది అలసట. ఈ ఆల్బమ్‌ల మాస్టరింగ్, అంటే రికార్డింగ్‌కు చివర్లో పెట్టే మెరుగు, చాలా బిగువు. మెల్లని చోటుకీ గట్టి చోటుకీ తేడా బాగా తగ్గించి, అంతా గట్టిగా వినిపించేలా నొక్కుతారు. చవక ఇయర్‌బడ్స్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్‌జ్ మధ్య శబ్దం ఇంకా పొడుస్తుంది. గిటార్ గరుకు, తారస్థాయి గొంతు, స్నేర్ డ్రమ్ దెబ్బ మూడూ అక్కడే గుమిగూడతాయి. ఈక్వలైజర్‌లో ఆ చోటును 2 లేదా 3 డెసిబెల్స్ తగ్గించండి. బాస్ పెంచవద్దు, పెంచితే బాస్ గిటారూ కిక్ డ్రమ్మూ కలిసి ముద్దవుతాయి. ఒక విడతలో నాలుగైదు పాటలు చాలు.

రెండోది పాత, కొత్త ఆల్బమ్‌లను పోల్చేటప్పుడు జరిగే మోసం. గట్టిగా వినిపించేది మంచిదనిపిస్తుంది, చెవి గుణం అది. స్ట్రీమింగ్ యాప్ సెట్టింగ్స్‌లో అన్ని పాటల గట్టిదనాన్ని సమం చేసే నార్మలైజేషన్ ఉంటుంది, స్పాటిఫైలో మామూలుగా మైనస్ 14 లఫ్స్‌కు (గట్టిదనాన్ని కొలిచే లెక్క) తెస్తుంది. అది ఆన్ చేసి పోల్చండి. బిగువు మాస్టరింగ్ కొత్త ఆల్బమ్‌లు అప్పుడు కాస్త చదునుగా వినిపిస్తాయి, టోటల్ 13 లాంటి పాతవి ఊపిరి తీసుకుంటాయి.

ఫోన్ స్పీకర్‌లో విని ఏ నిర్ణయమూ చేయకండి. కుడి ఎడమలకు పరిచిన రెండు గిటార్లు అందులో ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. క్రేజీ లిక్స్‌కు జరిగే నష్టం అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే వాళ్ల పల్లవి వెడల్పే పోతుంది.

గిటార్ పట్టుకుని ఎంచుకునేవారికి

వాయించడానికి తేలిక బ్యాక్‌యార్డ్ బేబీస్. పవర్ కార్డ్స్, కింది దెబ్బలు వస్తే మూడు నాలుగు పాటలు నెలలో పట్టుబడతాయి. హార్డ్‌కోర్ సూపర్‌స్టార్‌లో కుడిచేతి బిగువు కావాలి. ఖాళీ వదిలినచోట తీగ పూర్తిగా ఆగకపోతే రిఫ్ బురదవుతుంది. క్రేజీ లిక్స్ సోలోలు ఎక్కువ సాధన అడుగుతాయి.

ఈ రకం సంగీతంలో గిటార్లను అర స్వరం కిందికి దించి శ్రుతి చేయడం మామూలు. ఆల్బమ్‌తో పాటు వాయిస్తే అంతా కొద్దిగా పక్కకు పోయినట్టుంటే తప్పు వేళ్లది కాకపోవచ్చు, ఆరు తీగలనూ అర స్వరం దించి చూడండి. సోలోలకు పునాది మైనర్ పెంటటోనిక్. మన కర్ణాటక సంగీతం తెలిసినవారికి అది కొత్త కాదు, శుద్ధ ధన్యాసి స్వరాలే: స గ మ ప ని. పంచమానికి ఒక మెట్టు కింద ప్రతిమధ్యమాన్ని అలా తగిలించి వదిలేస్తే బ్లూస్ వాసన వస్తుంది. గమకం బదులు తీగను వేలితో పైకి లాగాలి, లాగిన చోట స్వరం సరిగ్గా చేరిందా లేదా అన్నదాంట్లోనే ఎక్కువమంది తప్పుతారు. ఆంప్‌లో గెయిన్ పదికి ఐదు లేదా ఆరు, మిడ్ ఏడు, బాస్ నాలుగు దగ్గర మొదలుపెట్టండి. గెయిన్ తొమ్మిదికి పెంచితే ఇంట్లో గొప్పగా ఉంటుంది, డ్రమ్స్‌తో కలిసేసరికి గిటార్ కనబడకుండా పోతుంది.

స్వీడన్‌లో ఉంటున్న తెలుగువారు చూడాలనుకుంటే

గోథెన్‌బర్గ్‌లో పుస్టర్‌వీక్, మాల్మోలో కెబి, స్టాక్‌హోంలో డిబేసర్ లాంటి క్లబ్బుల కార్యక్రమాలు గమనిస్తూ ఉండండి. బార్ ఉన్నచోట 18 నిండాలనే నిబంధన మామూలు, టికెట్ కొనేముందు చూసుకోవాలి. ప్రత్యక్షంగా చూడటానికి నాలుగింట్లో ఒక్కటే ఎంచుకోమంటే హార్డ్‌కోర్ సూపర్‌స్టార్. ఆ కోరస్ కేకలు హాల్లో జనం గొంతుతోనే పూర్తవుతాయి. అన్నీ ఒకచోట కావాలనుకునేవారికి జూన్ మొదట్లో బ్లేకింగే ప్రాంతంలోని నొర్యెలో జరిగే స్వీడన్ రాక్ ఫెస్టివల్ ఉంది. మాల్మో వైపు నుంచి రైల్లో సోల్వెస్‌బోరి దాకా వెళ్లి అక్కడినుంచి చేరవచ్చు.

స్వీడన్ ప్రజారోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం కచేరీలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు, పదమూడేళ్ల లోపు పిల్లలను రానిచ్చేచోట 97. పరిమితి లోపలే ఉన్నా గంటన్నర సేపు చెవికి అది ఎక్కువే. 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. స్పాంజి రకమైతే వేళ్లతో సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని వెనక్కి లాగి పట్టుకుని లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపాలి. పైపైన పెడితే సగం కూడా ఆపదు, పైగా పల్లవులు మొద్దుగా వినిపించి బ్యాండ్ సరిగా వాయించలేదనుకుంటారు.